రెండో కొస

డేరా బట్టకు నాలుగు మూలలు, మనిషికి రెండు చేతులు. గాలి లేని రోజు ఈ తేడా ఎవరికీ పట్టదు. ఒక మూల కట్టేసి, తాపీగా నడిచివెళ్లి రెండో మూల కట్టుకోవచ్చు. గాలి లేచిన రోజు మాత్రం రెండో కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చైత్రమాసం వచ్చిందంటే మా ఊరు లింగాల బయట, రోడ్డు పక్క చెలకలో, ఒక్కణ్ణే డేరా వేస్తూ వచ్చాను. ఎందుకు ఎవరినీ పిలవలేదు? చాలాకాలం ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబే ఉండేది. అది మంచి జవాబే గాని నిజమైన జవాబు కాదు.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర. లోతైన లోయలో, జలధార పక్కన, గుహలో ఉంటాడు లింగమయ్య. పూజారులు చెంచులు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కావడంతో మిగతా రోజుల్లో ఆ దారి జనానికి మూసే ఉంటుంది. పౌర్ణమికి ముందువెనకల కొద్దిరోజులే వదులుతారు. శ్రీశైలం రోడ్డు మీదుగా ఫర్హాబాద్ వైపు నుంచి బండ్లలో వచ్చేవాళ్లు ఎక్కువ. మా లింగాల వైపు నుంచి అప్పాయిపల్లి మీదుగా అడవిలోకి దిగేవాళ్లూ తక్కువేం కాదు. పిల్లల్ని భుజాన వేసుకుని, చేతికర్ర పట్టుకుని, పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా" అని, తిరిగొచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అని కేకలు వేస్తూ పగలనక రాత్రనక నడుస్తారు. వాళ్ల కోసమే ఆ డేరా. పెద్ద తాడ్పత్రి ఒకటి, రెండు గుంజలు, వరసగా పెట్టిన రంజన్లలో నీళ్లు, ఒక గంగాళంలో మజ్జిగ. అంతకుమించి ఏమీ లేదు.

జాతర రోజులూ గాలిదుమారం రోజులూ కలిసిరావడం మా దిక్కు వాళ్లకు కొత్త కాదు. పగలంతా బండలు, ఎర్రమన్ను కాగి సెగ పైకి లేస్తుంది. సముద్రం వైపు నుంచి వచ్చే తేమ ఆ వేడికి తోడైతే సాయంత్రానికి మబ్బు నిలువునా పెరుగుతుంది. అందులో వాన మొదలయ్యాక చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నేలను తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. చినుకు మన దాకా రాకముందే గాలి వచ్చి మీద పడేది అందుకే. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అని వాతావరణ శాఖ చెప్పే మాట వార్తల్లో వింటాం, మర్చిపోతాం. డేరా వేసే చేతికి ఆ అంకె వేరేగా తెలుస్తుంది. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. 20 కిలోమీటర్ల గాలిలో ఒంటిచేత్తో ఆపిన బట్టే 40కి చేరేసరికి మనిషిని ఈడ్చుకుపోవడానికి చూస్తుంది.

ఒక్కడే వేయాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు పిడికెడు మన్ను ఎగరేసి గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకోవాలి. తాడ్పత్రిని మడత విప్పకుండానే గాలి వచ్చే వైపు పెట్టి, ఆ వైపు రెండు మూలలకే మొదట మేకులు దిగ్గొట్టాలి. మేకు నిటారుగా ఉండకూడదు. తల డేరాకు దూరంగా వాలి ఉండాలి, అప్పుడే తాడు లాగినకొద్దీ మట్టిలో బిగుస్తుంది. మా చెలక నేల ఎండాకాలం పైన పొడిపొడిగా ఉంటుంది, జానెడు లోతులో రాయి తగులుతుంది. మేకు సగం దిగి ఆగిపోతే దాని మీద బండరాయి పెట్టడం తప్ప దారి లేదు. ఆ తర్వాత మోకాళ్ల కింద బట్టను అదుముకుంటూ కొంచెం కొంచెంగా విప్పాలి. విప్పిన మేరకల్లా నీళ్లు నింపిన క్యాన్లు బరువు పెట్టాలి. ఇంతవరకు ఒక్క మనిషి పనే. గుంజ లేపేటప్పుడే అసలు చిక్కు. గుంజ ఒక చేతిలో, తాడు ఇంకో చేతిలో ఉంటాయి. ఆ తాడు కట్టాల్సిన మేకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. గుంజ వదిలితే బట్ట కూలుతుంది, తాడు వదిలితే ఎగురుతుంది. తాడుకు ముందే జారుముడి వేసి ఉంచుకుని, గుంజను భుజానికి ఆనించి, కాలు చాపి ఆ ముడిని మేకుకు తగిలించి, తర్వాత వంగి లాగాలి. అది నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు లోలోపల మురిసిపోయాను కూడా.

సరిగ్గా అలాంటి సమయంలో ఒక ముసలాయన దారి దిగి వచ్చాడు. తలకు తువ్వాల, చంకలో సంచి, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. "ఆ కొస నేను వట్టుకుంట సారూ" అన్నాడు. "వద్దులే పెద్దయ్యా, అయిపోవచ్చింది" అన్నాను. అయిపోవచ్చిందేమీ లేదు. ఆయన ఒక క్షణం నిలబడి, నా భుజం మీది గుంజ వైపు చూసి, రంజన్‌లో నీళ్లు ముంచుకు తాగి వెళ్లిపోయాడు.

నడిచి అలసిపోయిన మనిషికి పని చెప్పడమెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. నా దగ్గర ఎప్పుడూ ఉండే మంచి జవాబు అదే: ఒకరిని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టముండదు. ఇంట్లోనూ అదే చెప్పేవాణ్ణి, టీ కొట్టు దగ్గరా అదే చెప్పేవాణ్ణి. విన్నవాళ్లు మెచ్చుకునేవాళ్లు. కాని ఆయన వెళ్లిపోయాక నాకు కలిగిన ఊరట ఆయన శ్రమ తప్పినందుకు కాదు. నా పని నా ఒక్కడిదిగా మిగిలినందుకు. ఆ సాయంత్రం లింగాల పోయి "ఒక్కణ్ణే వేసిన, ఆ గాలిలో" అని చెప్పడానికి మాట అప్పటికే నాలుక చివర ఉంది. ఆయన ఆ కొస పట్టుకుని ఉంటే ఆ మాట చెడిపోయేది. దాహం నడిచేవాళ్లది, డేరా నాది, ఇందులో ఎవరికీ వాటా లేదు. బయటికి చలివేంద్రం అని పేరు పెట్టినదాన్ని లోపల నేను ఇట్లా రాసుకున్నాను.

ఆ గర్వమే లేకపోతే నేనసలు ఆ ఎండలో ఆ పనికి పూనుకునేవాణ్ణా? ఖచ్చితంగా చెప్పలేను. మనసులో ఏ మూలో పేరు కోసం ఆరాటం లేకుండా చేసిన మంచిపని నా జీవితంలో ఏదైనా ఉందా అని వెతుక్కుంటే చేతికి ఏదీ తగలదు. నీళ్లు తాగినవాళ్ల దాహం మాత్రం నిజంగానే తీరింది. నా గర్వం వల్ల ఆ నీళ్లు చేదెక్కలేదు. ఆ ఆలోచనతో కొంతకాలం సమాధానపడ్డాను. కాని ముసలాయన చూసిన చూపు నన్ను వదల్లేదు. ఆయన దాహం తీరింది, నిజమే. ఆయన ఇవ్వబోయింది మాత్రం నేను తీసుకోలేదు. లింగమయ్య దగ్గరికి పోతూ దారిలో ఒకరికి సాయపడటం ఆయనకు కూడా పుణ్యమే. ఆ పుణ్యం దక్కకుండా అడ్డం పడ్డాను.

కోపం సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది చెప్పుకోవడానికి. గాలికి బట్ట విసిరి మొహానికి కొట్టినప్పుడల్లా నోటికొచ్చినట్టు తిడతాను. గాలికి పగ లేదు, మతలబు లేదు. అక్కడెక్కడో వేడి, ఇక్కడెక్కడో చల్లదనం, ఆ నడుమ జరిగే కదలిక అది. అది తెలిసి కూడా తిడుతున్నప్పుడు నిజంగా ఎవరిని తిడుతున్నానని ఒకసారి ఆగి చూసుకున్నాను. ఇంట్లో ఫ్యాను కింద పడుకున్న తమ్ముణ్ణి. ఉదయం బండి మీద వెళుతూ చెయ్యూపి పోయిన దోస్తుని. "ఏమన్నా పని ఉందా" అని అడగని వాళ్లందరినీ. వాళ్లలో ఒక్కరిని కూడా నేను రమ్మనలేదు. అడగకుండానే రావాలి, వస్తే వద్దనాలి, రాకపోతే కోపం తెచ్చుకోవాలి. ఇంత కిటుకు లోపల పెట్టుకుని ఊళ్లో సౌమ్యుడనే పేరు మోస్తున్నాను. ఇలాంటి కోపం మీలో ఎవరికైనా ఉంటే దాని రుచి మీకు తెలిసే ఉంటుంది. కారణం ఎవరికీ చెప్పలేం కాబట్టి అది తొందరగా చల్లారదు.

చదివిన పుస్తకాలు కూడా నేను కోరుకున్నదే నాకు చెప్పాయి. 1911లో, అంటార్కిటికా చలికాలపు చీకటిలో, పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు ముగ్గురు వెళ్లారు: విల్సన్, బవర్స్, చెర్రీ గరార్డ్. తుఫానుకు వాళ్ల డేరా ఎగిరిపోయింది. అది లేకుండా తిరిగిరావడం అసాధ్యం. గాలి తగ్గాక వెతికితే కొండవాలు కింద దొరికింది. ఆ తర్వాత ఒక రాత్రి బవర్స్ ఒక తాడుతో తనను డేరాకు కట్టుకుని పడుకున్నాడట, అది పోతే తానూ దానితోపాటే పోతానని. చెర్రీ గరార్డ్ 1922లో వేసిన పుస్తకంలో ఇదంతా ఉంది. చదివిన తర్వాత ఎన్నో రోజులు నా మనసు ఆ తాడు చుట్టూనే తిరిగింది. చీకట్లో ముగ్గురూ కలిసి వెతికారన్న సంగతి ఒక వాక్యంగా జారిపోయింది. బతికించింది ఆ వెతుకులాట. నాకు నచ్చింది మాత్రం ఒక్కడు తనను తాను కట్టుకోవడం.

మా అడవిని చూసినప్పుడూ ఇదే కన్ను. 1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేశాడు. 1943లో పుస్తకం వేశాడు. అప్పటి చెంచు గుడిసె గుండ్రటి తడికె గోడ, మీద కొసదేరిన గడ్డి కప్పు. ఇప్పుడు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, అలాంటివి తగ్గినా పూర్తిగా పోలేదు. గుండ్రని గోడకు గాలి ఆనడానికి పక్క అంటూ ఉండదు. చుట్టూ జారిపోతుంది. అప్పాపూర్ పెంటలో ఒకటి చూసి నేను మొదట అనుకున్నదేమిటంటే, దీన్ని ఒక్క మనిషి కట్టుకోగలడు కదా అని. ఎక్కడికి పోయినా ఒంటరి మనిషినే వెతుక్కుంటున్నానన్నమాట.

ఆ చెంచుల దగ్గరే ఈ విషయంలో నన్ను నిలదీసిన మాట విన్నాను. కొండచరియలకు పట్టే పెద్దతేనె తీయడానికి మనిషి తాడు కట్టుకుని అంచు మీదినుంచి లోయలోకి వేలాడుతూ దిగుతాడు. కింద చూస్తే కళ్లు తిరిగే లోతు. చేతిలో పొగ, చుట్టూ ఈగలు. పైన తాడు దగ్గర కూర్చునేది బావమరిది. తోడబుట్టిన అన్నదమ్ముడికి ఆ తాడు ఇవ్వరు, భార్య తోడబుట్టినవాడికి ఇస్తారు. తన అక్కో చెల్లెలో ముండమోయడం వాడికి ఇష్టముండదు కాబట్టి తాడు వదలడు. అన్నదమ్ముడి మనసులో ఏ దురాశ పుట్టుకొస్తుందో ఎవరు చెప్పొచ్చారు?

మొదట విన్నప్పుడు ఇంత అపనమ్మకమా అనిపించింది. తర్వాత ఆలోచించినకొద్దీ అది అపనమ్మకం కాదని తేలింది. వాళ్లు మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న జోలికి పోలేదు. వాడి మేలు ఎక్కడ ఉందో చూశారు, తమ ప్రాణంతో ఎవడి మేలు ముడిపడి ఉందో వాడి చేతికి తాడిచ్చారు. మనసులో ఉన్న స్వార్థాన్ని దాచిపెట్టలేదు, దానికి సిగ్గుపడలేదు, దాన్నే పనికి పెట్టుకున్నారు. పైన కూర్చున్న బావమరిది "నేను నీ కోసం కాదు, మా చెల్లెలి కోసం పట్టుకుంటున్న" అన్నా కింద వేలాడేవాడికి కోపం రాదు. తాడు పట్టుకున్నాడు కదా.

ఇక్కడ నా సంగతి తేటపడింది. నాకు సాయం చేయబోయేవాడి మనసు కల్మషం లేనిది అయి ఉండాలి. వీడు ఎందుకు వచ్చాడు, రేపు ఏమడుగుతాడు, నలుగురిలో తానే వేశానని చెప్పుకుంటాడా అని లెక్కలు వేస్తాను. అందరి ఉద్దేశాలనూ ఇట్లా జల్లెడ పట్టుకుంటూ పోతే చివరికి ఎవరూ మిగలరు. ముందు నేనే మిగలను. నా ఉద్దేశం అంత శుద్ధంగా లేదని లోపల తెలుసు కాబట్టే పక్కన ఇంకో మనిషి నిలబడటం నాకు పడదేమో. రెండో కొస పట్టుకున్నవాడికి నా మొహం ఎదురుగా కనిపిస్తుంది. గాలికి వంగుతున్నప్పుడు, ముడి జారినప్పుడు, భయపడ్డప్పుడు చూస్తాడు. ఒంటరిగా ఉంటే ఆ భయం ఎవరి లెక్కలోకీ రాదు. సాయంత్రం నేను చెప్పే కథలో అది ఉండదు.

వేయడం ఇంత వివరంగా చెప్పాను గాని తీయడం గురించి నాకు గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పద్ధతి తెలియక కాదు. గాలిలో డేరా తీయాలంటే ముందు గుంజలు దించి బట్టను నేలకు పరవాలి. గాలి వచ్చే వైపు మేకులు చివరిదాకా అట్లాగే ఉంచి, ఎదుటి అంచు నుంచి వాటి వైపుకు చుట్టుకుంటూ రావాలి. మోకాళ్లతో అదిమి లోపలి గాలిని బయటికి పంపాలి. తడి ఉంటే ఆరబెట్టాకే మడవాలి. ఇదంతా తెలిసి, జాతర అయిపోయాక నేను చేసేది వేరు. మేకులు ఏది ముందు చేతికొస్తే అది పీకడం, తాళ్లను విప్పకుండా కలగాపులగంగా చుట్టడం, మట్టిలో పాతుకుపోయిన మేకును "రేపు చూద్దాంలే" అని వదిలేయడం. రేపు వస్తుంది, పోతుంది, ఆ మేకు అక్కడే ఉంటుంది. మొదటి వానకు దుక్కి మొదలైతే అది ఎవరి నాగలికో, ఏ ఎద్దు గిట్టకో తగులుతుంది. ఆ సంగతి తెలిసి కూడా వదిలేశాను.

అలసట అనుకున్నాను. నిద్రలేని రాత్రుల తర్వాత ఎవరైనా అలసిపోతారు, అందులో అబద్ధం లేదు. కాని అప్పుడే ఎవరైనా ఫోన్ తీసి ఫొటో పడతానంటే నేనెట్లా తీసేవాణ్ణి అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. తాళ్లు కూడా వరసగా చుట్టేవాణ్ణి. మరి ఒంట్లో ఓపిక ఉన్నట్టే కదా. లేనిది చూసేవాళ్లు. వేసేటప్పుడు దారంతా జనం. తీసేటప్పుడు దారి ఖాళీ, "పోతున్నం లింగమయ్యా" అనే చివరి గొంతు కూడా ఊరు దాటిపోయి ఉంటుంది. నా శ్రద్ధ ఆ జనంతోపాటే వెళ్లిపోయింది. సోమరితనం అంటే పని మీద ఇష్టం లేకపోవడం అనుకునేవాణ్ణి. నాకు పని మీద ఇష్టముంది, చూసేవాళ్లు ఉన్నంతసేపు.

ఇదంతా రాసి ఒప్పుకుంటున్నానంటే ఇది కూడా ఇంకో డేరా వేయడమేనా అన్న అనుమానం రాస్తున్నంతసేపూ ఉంది. తప్పు చెప్పుకున్నవాడికి లోకంలో ఒక మెప్పు దక్కుతుంది, దానికి నేను ఆశపడటం లేదంటే మీరు నమ్మకపోవచ్చు, నేనూ నమ్మను. ఐనా చెంచుల పద్ధతిలోనే పోదామనుకున్నాను. ఉద్దేశం శుద్ధమయ్యేదాకా ఆగితే ఈ మాటలు ఎప్పటికీ చెప్పలేను.

పోయినసారి గాలి మరీ పెరిగినప్పుడు పక్క చెలకలో పనిచేసుకుంటున్న రైతును పిలిచాను. "తమ్మీ, జర ఈ కొస పట్టవా" అన్నాను. ఎంతో కష్టపడి అన్నానుగాని అతనికి అందులో విశేషమేమీ కనిపించలేదు. "వస్తున్ననే అన్నా" అని గెనెం దాటి వచ్చాడు. నేను ఒకవైపు గుంజ లేపితే అతను ఇంకోవైపు లేపాడు, తన పద్ధతిలో తను ముడి వేశాడు. ఎంతో సేపు పట్టే పని చిటికెలో అయిపోయింది. అప్పుడు నాకు సంతోషం కలగాలి. కలిగింది వెలితి. ఆ సాయంత్రం చెప్పడానికి నా దగ్గర కథ లేకుండా పోయింది.

చీకటి పడ్డాక టార్చి పట్టుకుని డేరా చుట్టూ తిరిగాను. అతను వేసిన ముడి దగ్గర ఆగాను. గట్టిగా ఉంది. నేను వేసేదానికన్నా గట్టిగా ఉందేమో కూడా. దాన్ని విప్పి నా జారుముడి వేశాను. గాలి ఎటు మళ్లుతుందో, తొందరగా సడలించాల్సి వస్తే నా ముడే సులువు అని చెప్పుకున్నాను. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని నేను విప్పింది అందుకు కాదు.

పొద్దున అతను మజ్జిగ తాగడానికి వచ్చి ఆ మేకు వైపు చూశాడు. "నా ముడి కుదరలేదా అన్నా?" అన్నాడు. అడగడంలో ఎత్తిపొడుపు లేదు, నేర్చుకుందామనే అడిగాడు. "రాత్రి గాలి పెరిగింది తమ్మీ" అన్నాను. అంతకుముందు ఎవరినీ పిలవకపోవడానికి కూడా గాలినే అడ్డం పెట్టుకున్నాను, గాలిలో ఇంకొకరిని ఇబ్బంది పెట్టడమెందుకని. ఇప్పుడు పిలవడానికీ గాలే, ముడి విప్పడానికీ గాలే. గాలి పెరిగింది కాబట్టి పిలిచాను అనుకుంటే నా పంతం ఎక్కడా దిగినట్టు కాదు, అవసరం నన్ను వంచిందని సరిపెట్టుకోవచ్చు.

అందుకే ఈసారి పౌర్ణమికి ముందు, ఆకు కదలని ఒక పొద్దున, ఒక్కణ్ణే వేసుకోగలిగిన రోజున అతని చెలకకు పోయి పిలవాలనుకుంటున్నాను. వేయడానికే కాదు, తీయడానికి కూడా. ఆ ముడి ఎందుకు విప్పానో కూడా చెప్పాలి. మొదటి పని చేయగలననే అనుకుంటున్నాను.